మా తమ్ముడిది బద్ధకమా, డిప్రెషనా? ఒక అక్క ప్రశ్నకి జవాబు

చదివేవాళ్ళకి సంగతి అర్థం కావాలి కాబట్టి, మీరు అడిగింది ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను. మీకు బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. తమ్ముడు యలహంక వైపు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్లో) ఉంటున్నాడు. అమ్మానాన్నలు చిలకలూరిపేట దగ్గర పల్లెలో. రెండు నెలలుగా వాడు ఫోన్ ఎత్తడం లేదు, ఎత్తినా ‘ఆఁ, ఊఁ’ తప్ప మాట లేదు. మొన్న ఆదివారం మీరు వెళ్తే మధ్యాహ్నం రెండింటికి కూడా ముసుగు తన్ని పడుకునే ఉన్నాడు. ఐదు సబ్జెక్టులు పోయాయని రూమ్మేట్ చెప్తే తెలిసింది. షటిల్ బ్యాట్ జూనియర్ ఎవరికో ఇచ్చేశాడట. బాబాయి బద్ధకం అంటున్నారు, అమ్మ దిష్టి అంటోంది, నాన్నకి సంగతే తెలియదు. ఇది డిప్రెషనేనా, మందులు వాడితే అలవాటు పడిపోతాడా, నాన్నకి చెప్పాలా వద్దా, వచ్చే ఏడు బెంగళూరులోనే చేరబోయే చెల్లెలికి ఇలా కాకుండా ఏం చెయ్యాలి. ఇవీ మీ ప్రశ్నలు.

నాది మదనపల్లె. చదివింది క్లినికల్ సైకాలజీ. ఇక్కడి బెంగళూరు కాలేజీల్లో కౌన్సెలర్‌గా పదహారేళ్ళయింది. మనిషిని చూడకుండా జబ్బు పేరు చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ మీరు రాసినదాంట్లో ఒకచోట నేను ఆగిపోయాను. మిగతావాటితో కలిపి మీరు మామూలుగా రాసేసిన ఆ బ్యాట్ దగ్గర.

ఆట మానేసినవాడి బ్యాట్ మంచం కింద దుమ్ము పట్టి ఉంటుంది. ఇష్టమైన వస్తువుని ఇంకొకరికి ఇచ్చేశాడంటే, ‘ఇక నాకు దీంతో పనిలేదు’ అనుకుంటున్నాడేమోనని అనుమానించాలి. కాకపోవచ్చు. ఆ జూనియర్ అడిగి తీసుకున్నాడేమో, డబ్బులకి అమ్ముకున్నాడేమో. అయినా వచ్చే ఆదివారం దాకా ఆగకండి, ఇవాళే వెళ్ళండి. సాయంత్రం పూట వైట్‌ఫీల్డ్ నుంచి యలహంక అంటే ఎంత నరకమో నాకూ తెలుసు.

వెళ్ళి, పక్కన ఎవరూ లేనప్పుడు సూటిగా అడగండి: “బతకాలనిపించట్లేదారా? చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా?” నోరు రాదు. అడిగితే లేని ఆలోచన మనమే పుట్టించినట్టు అవుతుందేమోనని భయం వేస్తుంది. అలా జరగదు. దీని మీద పరిశోధనలు చాలానే జరిగాయి, అడగడం వల్ల ప్రమాదం పెరిగినట్టు తేలలేదు. నా అనుభవంలో అయితే, ఇన్నాళ్ళకి ఒకరు అడిగారు కదా అని ఏడ్చినవాళ్ళే ఎక్కువ. వాడు ఔనన్నా, తల దించుకుని ఊరుకున్నా ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. మీ దగ్గరికి తీసుకొచ్చుకోండి. మాత్రల డబ్బాలూ ప్రమాదకరమైనవేవీ అందుబాటులో ఉంచకండి. “ఎవరికీ చెప్పనని ఒట్టెయ్” అంటే వెయ్యకండి. “చెప్పాల్సినవాళ్ళకే చెప్తాను, నీకు తెలియకుండా మాత్రం చెప్పను” అనండి. హోసూరు రోడ్డులోని కేంద్ర ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఎమర్జెన్సీ విభాగం రాత్రీ పగలూ ఉంటుంది. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్ళు ఏ వేళకైనా మాట్లాడతారు, తెలుగులో కూడా, పైసా ఖర్చు లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది. వాడే చెయ్యాలని లేదు, ఏం చెయ్యాలో తోచక మీరు చేసినా చెప్తారు.

ఇక బాబాయిగారి బద్ధకం సంగతి. బద్ధకస్తుడికి పనంటే బద్ధకం, సుఖమంటే కాదు. పుస్తకం ముట్టడు, బట్టలు ఉతుక్కోడు. అదే బిర్యానీ అంటే లేస్తాడు, మ్యాచ్ ఉంటే అర్ధరాత్రి దాకా కళ్ళు విప్పార్చుకుని కూర్చుంటాడు. డిప్రెషన్‌లో ముందు పోయేది ఆ సుఖమే. బిర్యానీ తెచ్చి ముందు పెట్టినా రెండు ముద్దలు కెలికి వదిలేస్తాడు. స్నానం చెయ్యడం కూడా కొండెక్కినంత పని అవుతుంది. ఇది చెప్తే నవ్వుతారని చెప్పడు.

డాక్టర్లు చూసేవి మొత్తం తొమ్మిది లక్షణాలు. రోజంతా వదలని దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఈ రెంటిలో కనీసం ఒకటి ఉండి తీరాలి. దానికి తోడు నిద్ర పాడవడం (పట్టకపోవడమో, అతిగా పట్టడమో), ఆకలి మారిపోవడం, ఎప్పుడూ నీరసం, చదివింది బుర్రకెక్కకపోవడం, ‘నేనెందుకూ పనికిరాను’ అని తనను తాను తిట్టుకోవడం, మనిషి బాగా మందగించడం లేదా కుదురులేకుండా అయిపోవడం, చావు ఆలోచనలు. ఇందులో ఐదు, దాదాపు రోజూ, రెండు వారాల పాటు ఉండి, రోజువారీ బతుకు దెబ్బతింటే దాన్ని డిప్రెషన్ అంటారు. మీవాడికి రెండు నెలలు. పరీక్ష పోయినందుకు నాలుగు రోజులు ముఖం వేలాడేసుకోవడం దీని కిందికి రాదు. అది మనిషన్నవాడికి ఉండేదే.

మగపిల్లల్లో దిగులు చాలాసార్లు దిగులులా కనిపించదు. చిరాకులా కనిపిస్తుంది, ఎదురుతిరగడంలా కనిపిస్తుంది, తెల్లవారుజాము నాలుగింటి దాకా ఫోన్‌లో గేములా కనిపిస్తుంది. ఇంకొందరిది ఒంట్లో బయటపడుతుంది. గ్యాస్ ట్రబుల్ అనీ తలనొప్పి అనీ నెలల తరబడి మెడికల్ షాపులో మాత్రలు కొని మింగే కుర్రాళ్ళని ఎంతమందిని చూశానో.

దిష్టి తీయించాలని అమ్మకి ఉంటే తీయించనివ్వండి, దానివల్ల నష్టం లేదు. దాంతో సరిపెట్టుకుని ఆగిపోతేనే నష్టం. మనవాళ్ళు దిగులు, బెంగ, మనోవ్యాధి అని ఇన్ని మాటలు పుట్టించారు, చివరికి ‘మనోవ్యాధికి మందు లేదు’ అని సామెత కట్టి చేతులు దులుపుకున్నారు. పైగా మానసిక ఆసుపత్రులున్న పేటల పేర్లనే తిట్లు చేసుకున్నాం. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు, చెన్నైలో కీల్పాక్. ఆ పేర్లతో ఎగతాళి వింటూ పెరిగిన పిల్లవాడు తనంతట తాను డాక్టరు దగ్గరికి వెళ్తాడని ఎలా అనుకుంటాం?

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. ఉద్యోగంలో కొత్తలో, అప్పటి కాలేజీలో ఒకమ్మాయి నిద్ర పట్టడం లేదని వచ్చింది. గుంటూరు జిల్లా పిల్ల, తొమ్మిదికి పైన సీజీపీఏ, నవ్వుతూ మాట్లాడింది. రాత్రి కాఫీ మానెయ్యి, ఫోన్ పక్కన పెట్టు అని చెప్పి పంపించాను. మార్కులు బాగున్నాయి కదా అని అడగాల్సినవి అడగనే లేదు. నెల తిరక్కుండా రూమ్మేట్లు ఇద్దరు ఆ పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. అప్పటికి నాలుగు రోజులుగా అన్నం ముట్టలేదు. “ఇంట్లో ఎందుకు చెప్పలేదమ్మా” అంటే, “చెప్తే చదువు మాన్పించి పెళ్ళి చేసేస్తారు మేడం” అంది. కోలుకుంది, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది. నేను మాత్రం ఆ రోజు నుంచి మార్కులు చూసి ఎవరినీ బాగున్నారని అనుకోను.

ఈ పదహారేళ్ళలో నాకు బాగా అర్థమైంది దాపరికం సంగతి. సబ్జెక్టు పోవడం కన్నా, అది పోయిందని దాచడం పిల్లల్ని ఎక్కువగా తినేస్తుంది. బెంగళూరులో బ్యాక్‌లాగ్ అంటారు, చెన్నైలో అరియర్ అంటారు, మనం సప్లీ అంటాం. ఏ పేరు పెట్టినా కథ ఒకేలా నడుస్తుంది. మొదటి సెమిస్టర్‌లో మ్యాథ్స్ పోతుంది. ఇంటికి ఫోన్ చేసి అన్నీ పాస్ అంటాడు. వచ్చేసారి కట్టేసుకుంటే ఎవరికీ తెలియదు కదా అనుకుంటాడు. సప్లీ ఫీజుకి ల్యాబ్ రికార్డని అబద్ధం చెప్పి డబ్బు అడుగుతాడు. రెండోసారి రెండు పోతాయి. ఇప్పుడు అబద్ధాలు గుర్తుపెట్టుకోవాలి, ఎవరికి ఏం చెప్పాడో లెక్క ఉండాలి. సంక్రాంతికి ఊరెళ్తే చుట్టాలు అడుగుతారని ప్రాజెక్టు ఉందంటాడు. నాన్న ఫోన్ అంటే గుండె దడ, అందుకని ఎత్తడు. క్లాసులో వెనకబడ్డానని క్లాసు మానేస్తాడు. అక్కడితో స్నేహితులు పోతారు. కొందరికి ఈ దారిలో లోన్ యాప్ కూడా తగులుతుంది (అది రెండో రహస్యం, నెమ్మదిగా అడగండి). మీవాడికి ఐదు పోయాయంటే ఇది నిన్నామొన్నా మొదలైంది కాదు. రెండేళ్ళుగా ఒంటరిగా మోస్తున్నాడు. చదవకపోవడం వల్ల డిప్రెషన్ వచ్చిందా, డిప్రెషన్ వల్ల చదవలేకపోయాడా అని మీకు సందేహం రావచ్చు. ఇప్పుడు రెండూ ఒకదాన్నొకటి మేపుతున్నాయి. ముందు ఏది పుట్టిందో తేల్చాల్సిన పని లేదు.

మన తెలుగు పిల్లల్లో ఇంకోటి కూడా చూస్తాను, కన్నడ పిల్లల్లో ఇంతగా కనిపించదు. ఇంటర్ రెండేళ్ళు కార్పొరేట్ రెసిడెన్షియల్‌లో పెట్టి తోముతాం. తెల్లవారకముందే లేపి, రాత్రి పది దాటేదాకా స్టడీ అవర్. ఎప్పుడు లేవాలి, ఎప్పుడు తినాలి, ఏ పేజీ చదవాలి, అన్నిటికీ గంట కొట్టేవాడు ఒకడుంటాడు. వారం వారం పరీక్ష, ర్యాంకుని బట్టి సెక్షన్. అక్కణ్ణించి తీసుకొచ్చి ఒక్కసారిగా బెంగళూరు పీజీలో దింపుతాం. ఇక్కడ గంట కొట్టేవాడు లేడు. మొదట్లో స్వర్గంలా ఉంటుంది. మూడో నెలకి, తనంతట తాను ఒక రోజుని ఎలా నడుపుకోవాలో తనకి రాదని తెలుస్తుంది. పద్దెనిమిదేళ్ళ పిల్లాడికి అది ఎవరితో చెప్పుకోవాలో కూడా తెలియదు. చుట్టూ తెలుగువాళ్ళే కదా, ఆంధ్రా మెస్ ఉంది కదా అని మనం ధైర్యంగా ఉంటాం. ఉన్నవాళ్ళంతా మనవాళ్ళే కాబట్టి సంగతి ఊరికి చేరుతుందని వాడు ఇంకా దాస్తాడు.

వైద్యం విషయానికొస్తాను. మందులు రాయగలిగేది సైకియాట్రిస్టు, అంటే ఎంబీబీఎస్ మీద మానసిక వైద్యం చదివిన డాక్టరు. మాటలతో చికిత్స చేసేది క్లినికల్ సైకాలజిస్టు, వాళ్ళకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, మొహమాటపడకుండా అడగండి. నిమ్హాన్స్ ఓపీకి వెళ్ళేట్టయితే పొద్దున్నే వెళ్ళండి, జనం విపరీతం, సగం రోజు పోతుందనుకునే బయల్దేరండి. ఆసుపత్రి అంటేనే వాడు బెదిరితే బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్ వాళ్ళదే వెల్‌బీయింగ్ సెంటర్ ఉంది, అక్కడ వాతావరణం వేరుగా ఉంటుంది. కానీ చావు ఆలోచనలున్నాయంటే మాత్రం నేరుగా ఆసుపత్రికే.

మొదటిసారి వెళ్ళినప్పుడు రక్తపరీక్షలు రాస్తే విసుక్కోకండి. థైరాయిడ్ తగ్గినా, బీ12 తక్కువైనా, రక్తహీనత ఉన్నా చూడ్డానికి సగం ఇలాగే ఉంటుంది. ఇంకో సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. ఎప్పుడైనా కొన్నాళ్ళ పాటు రెండు మూడు గంటలే నిద్రపోయి, అయినా అలసట లేకుండా, పట్టపగ్గాల్లేని హుషారుతో మాట్లాడి, డబ్బు తగలేసిన రోజులున్నాయా? ఇంట్లో ఇంకెవరికైనా అలాంటిది ఉందా? ఉంటే అది బైపోలార్ (హుషారూ దిగులూ మార్చి మార్చి వచ్చే జబ్బు) కావచ్చు, దానికి వాడే మందులే వేరు.

మందులు అలవాటైపోతాయా అన్నారు. ఈ వయసువాళ్ళకి సాధారణంగా మొదట రాసేవి ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూయాక్సిటిన్ లాంటివి. ఇవి మత్తు మందులు కావు. మద్యంలా ఇంకా ఇంకా కావాలనిపించవు. అయితే ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం ఉంటాయి, అందుకే డాక్టరు నెమ్మదిగా తగ్గించి ఆపుతారు. మన ఇళ్ళలో తంటా ఎక్కడంటే, వేసుకున్న వారం రోజుల్లో వికారం, కడుపులో తిప్పడం వస్తాయి, మేలు మాత్రం కనిపించదు. మేలు తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈలోపే ‘పడలేదు’ అని ఆపేస్తారు. లేదా రెండు నెలలకి బాగైపోయాడని ఆపేస్తారు, మళ్ళీ మొదటికొస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు, పూర్తిగా కోలుకున్నాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడమంటారు. ఇంకొకటి, ఇరవై అయిదేళ్ళ లోపువాళ్ళలో మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో కొందరికి కుదురులేకపోవడం, చావు ఆలోచనలు పెరగవచ్చు. అందుకని మందు ఇవ్వకూడదని కాదు. ఆ రోజుల్లో వాడు మీ కళ్ళముందు ఉండాలి, తేడా కనిపిస్తే అదే రోజు డాక్టరుకి ఫోన్ చెయ్యాలి.

అందరికీ మందులు అక్కర్లేదు. తేలికపాటి దానికి మాటల చికిత్సే సరిపోవచ్చు, మధ్యస్థంగానో తీవ్రంగానో ఉంటే రెండూ కలిపి చేస్తే మంచిది. ఆ చికిత్సలో నాకు బాగా నమ్మకం ఉన్నది, వినడానికి మరీ సాదాగా ఉంటుంది. మనసు బాగుంటే పని చేద్దాం అని ఎదురుచూడకుండా, చిన్న పనితో మొదలుపెట్టి మనసుని దాని వెనకాల రప్పించడం. “రేపటి నుంచి రోజుకి పది గంటలు చదువుతా” అంటాడు, ఒప్పుకోకండి. రేపు ఎనిమిదింటికి లేచి, కిందకి దిగి, సందు చివర దర్శినిలో (నిలబడి తినే చిన్న హోటల్లో) ఇడ్లీ తిని రావాలి. రేపటికి అంతే. అది మూడు రోజులు చేశాక స్నానం కలపండి, తర్వాత ఇరవై నిమిషాల నడక. వెళ్ళినప్పుడు వాడి గది కూడా చూడండి. ఇక్కడి పీజీల్లో పెద్ద గదిని ప్లైవుడ్డుతో రెండు చేసి, కిటికీ లేని సగాన్ని తక్కువకి ఇస్తారు. పగలేదో రాత్రేదో తెలియని ఆ గదిలో ఎవరికైనా నిద్ర గాడి తప్పుతుంది. నేను చూసిన పిల్లల్లో ఇద్దరికి కిటికీ ఉన్న గదికి మారడమే సగం పని చేసింది. రెండు వేలు ఎక్కువైనా ఇవ్వండి.

నాన్నకి చెప్పాలా అంటే, చెప్పాలి. వాడి చేత చెప్పించాలి, మీరు పక్కనుండాలి. ఫోన్‌లో వద్దు, నాన్నని రప్పించండి. ముందు మీరొక్కరే నాన్నతో మాట్లాడి, పిల్లాడికి ఒంట్లో బాగాలేదు, తిట్టడానికైతే రావద్దు అని చెప్పండి. రాయలసీమ నుంచి వచ్చిన ఒకాయన గుర్తొస్తున్నారు. గుర్తుపట్టకుండా వివరాలు మార్చి చెప్తున్నాను. పొలం తాకట్టు పెట్టి చదివిస్తున్నాడు. కొడుకు నా గదిలో ఏడు సబ్జెక్టులు పోయాయని చెప్పాక చాలాసేపు మాట్లాడలేదు. టవల్‌తో ముఖం తుడుచుకుని, “నేను ఇంటర్ రెండుసార్లు తప్పినా మేడం. వీడికి ఇంతవరకూ చెప్పలేదు” అన్నాడు. కొడుకు అంతదాకా నేల చూపులు చూస్తున్నవాడు తలెత్తి చూశాడు. మీ నాన్నగారి దగ్గరా అలాంటిది ఏదో ఒకటి ఉంటుంది. పత్తి పోయిన ఏడో, చీటీలో మునిగిన డబ్బో. అడిగి చూడండి.

ఒకవేళ వెంటనే ఊరికి తీసుకెళ్ళిపోదామంటే, నెల రోజులు ఇంట్లో ఉంటే మంచిదే గానీ చదువు మాన్పించే నిర్ణయం ఇప్పుడు తీసుకోకండి. ఈ స్థితిలో వాడు దేనికైనా ‘సరే’ అంటాడు.

చెల్లెలి సంగతి. మొదటి సెమిస్టర్ ఫలితాలు రాకముందే, ఇప్పుడే, అందరూ కూర్చున్నప్పుడు చెప్పండి: ఒకటో రెండో పోవచ్చు, పోతే అదే రోజు ఫోన్ చెయ్, తిట్టం, సప్లీ ఫీజు పంపిస్తాం. ఆడపిల్లకి ఇంకో మాట కలపండి: మనసు బాగాలేదన్నా, ఏ అబ్బాయితో గొడవైందన్నా చదువు మాన్పించం. ఈ మాట నాన్న నోటితో రావాలి, మీరు చెప్తే చాలదు. ఫోన్‌లో “తిన్నావా, చదివావా” అని అడిగితే రెండింటికీ ‘ఆఁ’ అనే వస్తుంది. “ఇవాళ ఎవరితో తిన్నావు?” అని అడగండి. వారం పాటు ‘ఒక్కదాన్నే’ అని వస్తే మీరు వెళ్ళాల్సిన సమయం వచ్చినట్టు. డ్యాన్సో, ఎన్‌ఎస్‌ఎస్సో, షటిలో, మార్కులతో సంబంధం లేని ఏదో ఒక గుంపులో మొదటి నెలలోనే చేరమనండి. పడుకునే వేళ ఎలా ఉన్నా, లేచే వేళ మార్చొద్దనండి. కన్నడం నాలుగు ముక్కలు నేర్చుకోమనండి. మెస్ ఆంటీని “ఊట ఆయ్తా?” (భోజనం అయిందా?) అని అడిగే పిల్లని ఆ ఆంటీ రెండు రోజులు కనిపించకపోతే వెతుక్కుంటూ వస్తుంది.

కాలేజీలో సీటు ఖాయం చేసుకునే ముందు, పూర్తికాలం కౌన్సెలర్ ఉన్నారా అని అడగండి. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హతగల కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో పెట్టాలనీ, మార్కుల్ని బట్టి పిల్లల్ని సెక్షన్లుగా విడదీయడం మానాలనీ మార్గదర్శకాలిచ్చింది. ఆ గది ఎక్కడుందో కూడా చూసి రండి. ప్రిన్సిపాల్ గది పక్కనే ఉంటే ఏ పిల్లా వెళ్ళదు.

తమ్ముడి ఓపీ కార్డు, ప్రిస్క్రిప్షన్లు ఫోటో తీసి దాచండి. హాజరు తగ్గినప్పుడు డాక్టరు సర్టిఫికెట్‌తో కాలేజీని అడగడానికి పనికొస్తాయి. జబ్బు వివరాలు క్లాసులో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మీ ఆఫీసు ఇన్సూరెన్స్‌లో తమ్ముడి పేరుంటే చూసుకోండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఒంటి జబ్బులతో సమానంగా వీటికీ బీమా ఇవ్వాలి, కాకపోతే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చే ఇస్తాయి, ఓపీ ఖర్చు ఇవ్వవు.

ఇవన్నీ రేపు మళ్ళీ చదువుకోవచ్చు. ఇప్పుడు వాడికి ఫోన్ చెయ్యండి. ఎత్తకపోతే రూమ్మేట్‌కి చేసి, మీరు వచ్చేదాకా గదిలోనే ఉండమనండి. రూమ్మేట్ క్లాసులో ఉంటే పీజీ ఓనర్‌ని పైకి వెళ్ళి తలుపు కొట్టమనండి.